కుక్కను బోర్డింగ్‌లో వదిలి ఊరెళ్తున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతికి ఇంకా నెల ఉందనగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. "ఊరెళ్తున్నాం, కుక్కను ఎక్కడ పెట్టమంటారు?" అని. పదేళ్ళుగా ఇంట్లో కుక్క ఉంది, హైదరాబాద్ చుట్టుపక్కల, మనం లేనప్పుడు డబ్బు తీసుకుని కుక్కల్ని చూసుకునే బోర్డింగులు నాలుగైదింట్లో దాన్ని పెట్టి చూశాను కాబట్టి చుట్టాలూ అపార్ట్‌మెంట్ వాళ్ళూ నన్నే అడుగుతారు. అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. మధ్యలో మల్లి అని వస్తే అది మా ఏడేళ్ళ దేశీ పిల్ల. ఒక చెవి నిలబడి, ఇంకోటి వాలిపోయి ఉంటుంది.

బోర్డింగ్ తప్ప ఇంకో దారి లేదా?

ఉంది. కుక్కకు బాగా అలవాటైన మనిషి మీ ఇంటికే వచ్చి పడుకోగలిగితే అంతకంటే మంచిది లేదు. ఇల్లు మారదు, వాసన మారదు, మనుషులు మాత్రమే మారతారు. మేనల్లుడో, పక్కింటి డిగ్రీ అబ్బాయో ఒప్పుకుంటే మొదట ఆ దారే చూడండి.

కానీ వాచ్‌మన్‌కు తాళం, డాగ్ ఫుడ్ ప్యాకెట్ ఇచ్చి "రెండు పూటలా వేసి నీళ్ళు పెట్టు" అని మూడు రోజులు వెళ్ళిపోవడం మాత్రం వద్దు. ఆయన తప్పేం లేదు, ఆయనకు పది పనులుంటాయి. ఖాళీ ఇంట్లో రోజుకు ఇరవై మూడు గంటలు ఒంటరిగా ఉండటం కుక్కకు శిక్షే.

రైల్లో తీసుకెళ్ళొచ్చా అని కూడా అడుగుతారు. ఫస్ట్ ఏసీలో రెండు బెర్తుల కూపే గానీ నాలుగు బెర్తుల క్యాబిన్ గానీ మొత్తం మీ పేరున ఉంటే మీతోనే తీసుకెళ్ళొచ్చు. లేకపోతే బ్రేక్ వ్యాన్‌లోని డాగ్ బాక్స్‌లో పంపాలి. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్‌లలో కుక్కను ఎక్కించనివ్వరు. డాగ్ బాక్స్‌లో రాత్రంతా ఆ చప్పుడు మధ్య పంపడానికి నాకైతే మనసొప్పదు.

ఎన్ని రోజుల ముందు వెతకాలి?

సంక్రాంతి, దసరా, వేసవి సెలవులైతే రెండు నెలల ముందు. మామూలు రోజుల్లో మూడు నాలుగు వారాలు చాలు. చోటు దొరకడం ఒక్కటే కాదు, టీకా ఏదైనా బాకీ ఉంటే అది వేయించాక ఒంటికి పట్టడానికి కూడా టైం కావాలి. ఒక రాత్రి ట్రయల్‌గా పెట్టి చూడటానికీ టైం కావాలి. ఈ ట్రయల్ మాత్రం ఎవరూ మానొద్దు. మీరు ఊళ్ళో ఉండగానే శనివారం సాయంత్రం వదిలి ఆదివారం పొద్దున తెచ్చుకోండి. మొదటిసారే ఎనిమిది రోజులు వదిలేస్తే, మనం మళ్ళీ వస్తామని దానికెలా తెలుస్తుంది?

ఆన్‌లైన్‌లో ఫొటోలు, రేటింగ్ బాగున్నాయి. వెళ్ళి చూడాల్సిందేనా?

వెళ్ళాల్సిందే. ఫొటోలో వాసన రాదు. మొయినాబాద్, శంకర్‌పల్లి, శామీర్‌పేట వైపు ఫామ్‌హౌస్‌లలో నడిపేవి చాలా ఉన్నాయి, పచ్చగా కనిపిస్తాయి. పచ్చిక చూసి మురిసిపోకండి, కుక్కలు పడుకునే చోటు చూపించమనండి. "లోపలికి రానివ్వం, కుక్కలు డిస్టర్బ్ అవుతాయి" అంటే ఫలానా టైమ్‌లో రమ్మంటారా అని అడగండి. అప్పుడూ కుదరదంటే థాంక్స్ చెప్పి వచ్చేయండి.

లోపలికి వెళ్ళాక నేను మొదట నీళ్ళ గిన్నె దగ్గర కూర్చుంటాను. లోపలి అంచు మీద వేలు పెట్టి రాస్తాను. జిగురుగా తగిలితే ఆ గిన్నెను రోజూ తోమట్లేదు, నీళ్ళు అయిపోయినప్పుడల్లా పైన పోస్తున్నారు, అంతే. గిన్నె తోమని వాళ్ళు మందు టైముకు వేస్తారని నేను నమ్మను.

తర్వాత గేటు. బయటి గేటు తీస్తే కుక్క నేరుగా రోడ్డు మీదికి వచ్చేలా ఉండకూడదు. మధ్యలో ఇంకో గేటు ఉండాలి, ఒకటి మూశాకే రెండోది తీయాలి. కొత్త చోట వదిలిన కుక్క మొదటి రోజు పారిపోవడానికే చూస్తుంది, ఎంత బుద్ధిమంతురాలైనా సరే. కాంపౌండ్ గోడ ఎత్తు, ఫెన్సింగ్ కింద తవ్విన గుంటలు కూడా ఒకసారి చూడండి.

పైకప్పు రేకులదైతే మధ్యాహ్నం రెండింటికి వెళ్ళి అక్కడ పది నిమిషాలు నిలబడండి. మీరు నిలబడలేకపోతే కుక్క పడుకోలేదు. కుక్కకు మనలా ఒళ్ళంతా చెమట పట్టదు, రొప్పుతూ ఎక్కువగా నోటి ద్వారానే వేడి వదులుకోవాలి.

నేల దేనితో కడుగుతారో అడగండి. ఫినాయిల్ వాసన గుప్పుమంటే శుభ్రంగా ఉందనుకుంటాం. కానీ కుక్కల ప్రాణం తీసే పార్వో వైరస్ మామూలు ఫినాయిల్‌కు లొంగదు, బ్లీచింగ్ కావాలి. అది మట్టిలో నెలల తరబడి బతికే ఉంటుంది. మొన్నెప్పుడైనా పార్వో వచ్చిందా అని మొహం మీదే అడగండి. "వచ్చింది, ఆ గది ఇన్నాళ్ళు మూసేశాం, ఇలా కడిగాం" అని చెప్పేవాళ్ళ మీద నాకు నమ్మకం పెరుగుతుంది.

అన్నిటికంటే ముఖ్యంగా ఏం అడగాలి?

రాత్రి కుక్కల దగ్గర ఎవరు పడుకుంటారు?

నేను ఈ ప్రశ్న అడగకుండా ఒకసారి మోసపోయాను. మూడేళ్ళ కిందట సంక్రాంతికి రాజమండ్రి వెళ్తూ మల్లిని ఒక పెద్ద బోర్డింగ్‌లో పెట్టాం. లాన్, చిన్న ఈత కొలను, రోజుకు రెండు వీడియోలు. వీడియోలన్నీ పగటివే అని అప్పుడు గమనించలేదు. ఆరో రోజు వెళ్తే మల్లి పరిగెత్తుకుంటూ వచ్చింది. నా ముందు నిలబడి మొరగడానికి నోరు తెరిచింది. గొంతులోంచి గాలి తప్ప శబ్దం రాలేదు. ముందు కాళ్ళ వేళ్ళ మధ్య ఎర్రగా ఒరుసుకుపోయింది, రెండు గోళ్ళు చీలాయి. లోపలికి వెళ్ళి చూస్తే దాన్ని ఉంచిన గది తలుపుకు అడుగు ఎత్తు దాకా పెయింట్ గీరేసి ఉంది. అక్కడ పనిచేసే అబ్బాయిని పక్కకు తీసుకెళ్ళి అడిగితే ఉన్నమాట చెప్పాడు. రాత్రి ఎనిమిదింటికి తాళం వేసి వెళ్తారు, పొద్దున ఏడింటికి వస్తారు. పదకొండు గంటలు ఆ ఆవరణలో మనిషన్నవాడు లేడు. ఇరవై కుక్కలు, ఒక సీసీ కెమెరా.

మల్లి గొంతు మామూలవడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ కాలింగ్ బెల్ మోగినప్పుడల్లా అది పరిగెత్తుకెళ్ళి నోరు తెరవడం, శబ్దం రాకపోతే వెనక్కి తిరిగి నన్ను చూడటం నేను మర్చిపోలేను.

అందుకే ఇప్పుడు "రాత్రి ఎవరైనా ఉంటారా?" అని అడగను. ఆ ప్రశ్నకు అందరూ "ఉంటారండీ" అనే అంటారు. "వాళ్ళ మంచం ఎక్కడుందో చూపిస్తారా?" అని అడుగుతాను. ఇప్పుడు మేం పెట్టే చోట గదుల వరస చివర్లో ఒక మడత మంచం ఉంటుంది. మంచం కింద చెప్పులు, తలగడ పక్కన టార్చిలైటు, గోడకు ఫోన్ చార్జర్, మేకుకు తగిలించిన చొక్కా. అవి చూశాక నాకు ఇంకేం చెప్పనక్కర్లేకపోయింది. ఆ మంచం మీద పడుకునే ఆయనతో కాసేపు మాట్లాడండి. మీ కుక్కను మీ తర్వాత చూసుకునేది ఆయనే, ఓనర్ కాదు. ఎన్నాళ్ళుగా చేస్తున్నారు, ఎన్ని కుక్కలకు ఒక్కరున్నారు, పండక్కి ఆయన కూడా ఊరెళ్తే ఎవరు చూస్తారు అని అడగండి. ఆ చివరిది సంక్రాంతికి తప్పకుండా అడగాలి. పనివాళ్ళకూ ఊళ్ళుంటాయి కదా.

ఏ టీకాలు ఉండాలి?

యాంటీ రేబీస్, డీహెచ్‌పీపీఐఎల్, కెన్నెల్ కాఫ్. రెండోదాంట్లో డిస్టెంపర్, పార్వో, లెప్టోస్పైరోసిస్ లాంటివన్నీ కలిసి ఉంటాయి. లెప్టో ఎలుకల మూత్రం వల్ల వచ్చే జబ్బు, మనుషులకూ వస్తుంది. వానాకాలంలో బోర్డింగ్‌లో పెట్టేవాళ్ళు దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

చాలామంది వదిలేసేది కెన్నెల్ కాఫ్ టీకా. పది కుక్కలు ఒకే గాలి పీల్చే చోట ఒక్కదానికి దగ్గొస్తే అన్నిటికీ అంటుకుంటుంది. ప్రయాణానికి కనీసం రెండు వారాల ముందే వేయించండి. వదిలే రోజు పొద్దున వేయించి తీసుకెళ్తే అక్కడ అది కాపాడుతుందని అనుకోలేం.

టీకాల కోర్సు పూర్తి కాని చిన్న పిల్లల్ని అసలు పెట్టొద్దు. నాలుగు నెలల లోపు పిల్లను ఏ బోర్డింగ్ అయినా సంతోషంగా తీసుకుంటే అదే ఆ చోటును వద్దనుకోవడానికి కారణం. అలాగే మీ వ్యాక్సిన్ బుక్ చూపించమని అడగని చోట మిగతా కుక్కలవీ అడిగి ఉండరు.

పిడుదుల భయం ఉంది. ఏం చేయాలి?

భయపడాల్సిందే. మా వైపు పిడుదులంటాం, తెలంగాణలో గోమార్లంటారు. ఏ పేరుతో పిలిచినా టిక్ ఫీవర్ తెచ్చేవి అవే, మన ఎండలకు ఏడాది పొడుగునా ఉంటాయి. బోర్డింగ్‌కు పంపే ముందే డాక్టర్‌ను అడిగి పిడుదుల మాత్ర వేయించండి. కొన్ని నెల రోజులు, కొన్ని మూడు నెలలు పనిచేస్తాయి. బరువును బట్టి డోసు మారుతుంది కాబట్టి పక్కింటి కుక్క మాత్ర మీ కుక్కకు వేయొద్దు. అక్కడికి వెళ్ళినప్పుడు గోడ మూలల్లో, తలుపు సందుల్లో సెల్ లైటు వేసి చూడండి. పిడుదులు కుక్క మీద కంటే గోడ పగుళ్ళలోనే ఎక్కువ దాక్కుంటాయి.

కేజ్‌లో పెట్టేది మంచిదా, కేజ్ లేకుండా వదిలేసేదా?

"కేజ్ ఫ్రీ" అనే మాట వినడానికి హాయిగా ఉంటుంది. కానీ పదిహేను కొత్త కుక్కల్ని ఒకే హాల్లో వదిలి ఒక్క మనిషి చూసుకుంటే గిన్నె దగ్గర గొడవ తప్పదు. పగలు సైజును బట్టి, స్వభావాన్ని బట్టి చిన్న చిన్న గుంపులుగా వదలాలి. తిండి దగ్గర, రాత్రి నిద్రకు దేని గది దానికుండాలి. గది అంటే కుక్క లేచి నిలబడి, చుట్టూ తిరిగి, కాళ్ళు చాపి పడుకోగలిగేంత. నేల ఇనుప తీగల జాలీదైతే వద్దనండి, పాదాలు పుండ్లు పడతాయి.

ఆడకుక్క ఎదకు వచ్చే రోజులైతే ముందే చెప్పేయండి. చాలాచోట్ల తీసుకోరు, తీసుకోకపోవడమే మంచిది. ఆ మూడు వారాలూ అది ఇంట్లోనే ఉండాలి.

మాది వీధి నుంచి తెచ్చుకున్న కుక్క. తీసుకుంటారా?

కొన్నిచోట్ల తీసుకోరు. "దేశీవి కరుస్తాయండీ" అని నా మొహం మీదే చెప్పారు. మల్లి ఆ మాట విని వాళ్ళ చెయ్యి నాకింది. జాతి పేరు చూసి కాదు, కుక్కను చూసి నిర్ణయించే చోట్లు తప్పకుండా ఉన్నాయి, ఓపికగా వెతకండి. అయితే ఒక మాట నిజమే. దేశీ కుక్కలు గోడలు బాగా ఎక్కుతాయి, బెల్టులోంచి తల తప్పించుకోవడం వాటికి చిటికెలో పని. మెడ బెల్టుతో పాటు ఛాతీకి వేసే హార్నెస్ కూడా పంపండి. మీ ఫోన్ నంబర్ చెక్కిన బిళ్ళ బెల్టుకు ఉండాలి. చర్మం కింద పెట్టే మైక్రోచిప్ వేయించి ఉంటే ఆ 15 అంకెల నంబర్ రాసి పెట్టుకోండి.

తిండి వాళ్ళదా, మనదా?

మనదే. కొత్త చోటు, కొత్త మనుషులు, దానికి తోడు కొత్త తిండి అయితే మొదటి రోజే విరేచనాలు. డ్రై ఫుడ్ అయితే పూటకొక ప్యాకెట్ చొప్పున కట్టి, పైన "పొద్దున", "రాత్రి" అని రాసి పంపండి. మా పిన్ని వాళ్ళ పామరేనియన్ పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పెరుగన్నమే తింటుంది. అక్కడ చికెన్ రైస్ పెట్టారని రెండు రోజులు ముట్టుకోలేదు, పాపం. అలాంటి అలవాట్లుంటే సిగ్గుపడకుండా చెప్పండి. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూర కలిపి పెట్టొద్దని, కిస్‌మిస్, చాక్లెట్ అసలు ఇవ్వొద్దని కాగితం మీద రాసివ్వండి. పండగ రోజు ప్రేమ కొద్దీ పాయసం పెట్టే మంచి మనుషులు ఉంటారు, అందులో కిస్‌మిస్ ఉంటుంది.

మొదటి రోజు తినకపోతే కంగారు పడకండి. రెండో రోజు కూడా పూర్తిగా మానేస్తే డాక్టర్‌కు చూపించమనండి.

తిండి కాకుండా ఇంకేం పంపాలి?

మీరు కట్టి విప్పిన లుంగీ గానీ పాత నైటీ గానీ ఒకటి. ఉతకొద్దు. మీ వాసన ఉన్న గుడ్డ మీద అది త్వరగా నిద్రపోతుంది. ఖరీదైన బొమ్మలు, పరుపులు పంపొద్దు, వాటి కోసమే కొట్లాటలు.

ముసలి కుక్క, మందులు వాడే కుక్క?

వీలైనంత వరకు ఇంట్లోనే మనిషిని పెట్టండి. తప్పదంటే డాక్టర్ క్లినిక్‌కు ఆనుకుని నడిపే బోర్డింగ్ చూడండి, కానీ అక్కడ జబ్బు కుక్కలకు విడి గది ఉండాలి. ఫిట్స్ మందు ఒక్క పూట తప్పినా మళ్ళీ ఫిట్స్ రావచ్చు. మాత్ర నోట్లో పెట్టి మింగించడం మీ ముందే ఒకసారి చేసి చూపించమనండి. "అన్నంలో కలిపేస్తాం" అంటే అన్నం మానేసిన రోజు మందూ పోయినట్టే.

పగ్, షిట్జూ, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు కుక్కల్ని ఏప్రిల్, మే నెలల్లో ఏసీ గానీ కనీసం కూలర్ గానీ లేని చోట వదలొద్దు. కరెంటు పోతే ఏంటని కూడా అడగండి.

దీపావళికి పెట్టొచ్చా?

నేను పెట్టను. ఆ రాత్రి దానికి తెలిసిన మనిషి పక్కనుండాలి. మీకు వేరే దారి లేకపోతే ఊరికి దూరంగా, గోడలు మందంగా ఉన్న చోటు చూసుకుని, సాయంత్రం ఆరు తర్వాత బయటికి తీయొద్దని గట్టిగా చెప్పండి.

అక్కడ జబ్బు చేస్తే, ఏదైనా జరిగితే?

వదిలే ముందే కాగితం రాసుకోవాలి. మీ డాక్టర్ నంబర్, ఊళ్ళో ఉండే మీ మనిషి నంబర్, మీరు ఫోన్ ఎత్తకపోయినా ఎంత ఖర్చు వరకు వైద్యం మొదలుపెట్టొచ్చు అన్న అంకె, రాత్రి అయితే ఏ ఆసుపత్రికి తీసుకెళ్తారు. మీరు తిరుపతి క్యూలో ఫోన్ లేకుండా ఉన్నప్పుడు "సార్ ఒప్పుకోలేదు కాబట్టి ఆగాం" అనే మాట రాకూడదు.

చట్టం సంగతికొస్తే, 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 3వ సెక్షన్ ప్రకారం జంతువు ఎవరి సంరక్షణలో ఉందో వాళ్ళే దాని బాగోగులు చూడాలి. కానీ 11వ సెక్షన్ కింద మొదటి తప్పుకు జరిమానా 10 నుంచి 50 రూపాయలు మాత్రమే. ఇన్నేళ్ళయినా ఆ అంకె మారకపోవడం నాకు బాధగా ఉంటుంది. డబ్బు తీసుకుని చేసే సేవ కాబట్టి వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద ఫిర్యాదు చేయడం మేలు, 1915కు ఫోన్ చేసి మొదలుపెట్టొచ్చు. దానికి బిల్లు కావాలి. అందుకే రసీదు తీసుకోకుండా డబ్బు కట్టొద్దు. "మాకే బాధ్యతా లేదు" అని రాసిన ఫారం మీద చదవకుండా సంతకం పెట్టొద్దు.

రేటు ఎంత ఉండొచ్చు?

నేను అడిగిన చోట్ల రోజుకు 500 నుంచి 1,500 దాకా చెప్పారు, పండగలకు ఇంకా ఎక్కువ. రేటును బట్టి మంచీ చెడూ తెలియదు. మల్లి గొంతు పోయిన చోటే మేం కట్టినవాటిలో అన్నిటికంటే ఖరీదైనది.

అమెరికాలో పిల్లల దగ్గరికి ఆరు నెలలు వెళ్తున్నాం. అన్నాళ్ళు పెట్టొచ్చా?

ఈ ప్రశ్న అడిగే అమ్మానాన్నలు ఏటా పెరుగుతున్నారు. దయచేసి వద్దు. బోర్డింగ్ పది పదిహేను రోజులకు సరిపోయే ఏర్పాటు. ఆరు నెలలంటే దానికి ఇల్లే కావాలి. బంధువుల ఇంట్లోనో, కుక్కలున్న స్నేహితుల ఇంట్లోనో నెలకు ఇంత అని ఖర్చు ఇచ్చి ఉంచండి. వెళ్ళే ముందు రెండు నెలల పాటు వారానికో రోజు అక్కడ వదిలి అలవాటు చేయండి. ఎవరూ దొరక్కపోతే ఇద్దరూ ఒకేసారి కాకుండా విడివిడిగా వెళ్ళిన దంపతులు నాకు తెలుసు. కాన్పు టైముకు అమ్మమ్మ వెళ్ళారు, ఆవిడ తిరిగొచ్చాక తాతగారు వెళ్ళారు.

వీడియో కాల్ చేసి మాట్లాడొచ్చా?

వీడియో పంపమనండి, మీరు మాత్రం పిలవకండి. గొంతు వినిపించి మనిషి కనిపించకపోతే వెతుక్కుంటుంది. రాత్రి తొమ్మిది తర్వాత తీసిన వీడియో ఒకటి రోజూ కావాలని అడగండి.

తిరిగి తెచ్చాక ఏం చూడాలి?

పగటిపూట తెచ్చుకోండి, వెలుతురులో చూడటానికి. గుమ్మం దాటించే ముందే చెవుల లోపల, చెవి వెనక, కాలి వేళ్ళ సందుల్లో, తోక కింద వేళ్ళతో తడిమి చూడండి. పిడుదు దొరికితే ట్వీజర్ లాంటి సన్న పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని నిదానంగా లాగండి. కిరోసిన్ పూయొద్దు. బరువు చూడండి, మొరుగు వినండి.

ఒకటి రెండు రోజులు ఎక్కువ నిద్రపోవడం, మీ వెనకే బాత్రూం దాకా రావడం మామూలే. వాంతులు, రక్త విరేచనాలు, జ్వరం ఉంటే ఆ రోజే డాక్టర్ దగ్గరికి. కెన్నెల్ కాఫ్ రెండు వారాల లోపు, టిక్ ఫీవర్ మూడు వారాల దాకా ఎప్పుడైనా బయటపడొచ్చు, కాబట్టి క్యాలెండర్‌లో ఆ తేదీ వరకు గుర్తు పెట్టుకోండి. పొడి దగ్గు మొదలైతే మిగతా కుక్కలతో వాకింగ్ ఆపి, బోర్డింగ్‌కు ఫోన్ చేసి చెప్పండి. అదే వారం అక్కడున్న కుక్కల ఇళ్ళన్నిటికీ వాళ్ళు కబురు పంపాలి. పంపారా లేదా అని మర్నాడు మళ్ళీ ఫోన్ చేసి అడగండి.